అంగడి, తపాలా, సంత

2007వ సంవత్సరమున బెంగుళూరులో ఇద్దరు యువకులు ఫ్లిప్‌కార్టు అను పేర అంతర్జాలములో ఒక పుస్తకముల యంగడిని తెరచిరి. దానికి వచ్చిన మొదటి బేరము మన మహబూబునగరమునుండియే. అచ్చటి వారొకరు ఒక ఇంగ్లీషు గ్రంథమును కోరిరి. అది యువకులయొద్ద లేదు. వారు బెంగుళూరులోని పుస్తకపుకొట్లు పెక్కు వెదకి, ఒకచోట కొని, పంపిరి. పెద్దలారా, ఈ సంగతి గమనింపదగినది. చిల్లర యంగళ్లను మూయించునని నేడు మనము భయపడుచున్న ఈ వర్తకము, తన మొదటి సరకును ఒక మామూలు అంగడినుండియే తెచ్చుకొనినది.

దూరమునుండి సరకు తెప్పించుకొనుట మనకు క్రొత్త కాదు. 1877లో మన దేశపు తపాలాశాఖవారు వి. పి. పద్ధతిని నెలకొల్పిరి. చెన్నపట్టణమునకు ఒక కార్డు వ్రాసినచో పుస్తకములు, మందులు ఇంటికి వచ్చెడివి. పోస్టుమాను సొమ్ము చేతబడిననేగాని మూట నిచ్చెడివాడు కాడు. మూట కంటబడిననేగాని మనము సొమ్ము నిచ్చెడివారము కాము. ఒకరినొకరు ఎరుగని ఇరువురి నడుమ తపాలా జవాను మధ్యవర్తి. 2010లో ఫ్లిప్‌కార్టువారు సరకు చేరిన పిమ్మటనే సొమ్ము పుచ్చుకొను పద్ధతిని పెట్టి, దానివలన బాగుగా పెరిగిరి. అది మన పాత వి. పి.యే గదా! అయితే వి. పి. వలన ఊరి కొట్టు చెడలేదు. ఉప్పు, చింతపండు, కిరసనాయిలు తపాలాలో రాకపోవుటయే అందులకు హేతువు.

ఊరి కొట్టు నిజముగా చెడుటకు మొదలిడినది అమెరికాలో. ఆరన్ మాంట్‌గొమరీ వార్డు అనునతడు ఊరూర తిరిగి సరకులమ్మినవాడు. పల్లెలో కొట్టు ఒక్కటియే యుండుటచే రైతు చెప్పిన వెల కిమ్మనక ఇచ్చుట అతడు కన్నులార చూచెను. 1872లో షికాగోనుండి 163 వస్తువుల పట్టికను ఒక్క కాగితముమీద అచ్చొత్తించి రైతులకు పంపెను. తరువాత రిచర్డు సియర్సు అను రైలుస్టేషను ఉద్యోగి 1886లో గడియారములతో నారంభించి, అంతకంటె పెద్ద వర్తకుడయ్యెను. ఆ కాలమున అచ్చటి పల్లెలలో పోస్టాఫీసు తరచు కొట్టులోనే యుండెడిది, కొట్టువాడే పోస్టుమాస్టరు. ఉత్తరమునకై వచ్చిన రైతు పంచదార కొనిపోయెడివాడు. 1896లో ప్రభుత్వమువారు పల్లె యిండ్లకే టపా పంప నారంభింపగా ఆ రాకపోకలు తగ్గినవి. 1913 జనవరి 1వ తేదీనుండి పెద్ద మూటలనుగూడ తపాలాలో పంపవచ్చునను శాసనము వచ్చినది. అంతకుముందు నాలుగు పౌనులకు మించిన మూటను పోస్టాఫీసువారు పుచ్చుకొనెడివారు కారు. చిల్లర వర్తకులు ఈ శాసనమును ఏండ్ల తరబడి ఎదిరించిరి. కొన్ని ఊళ్లలో వర్తకులు పట్టికలు తెచ్చినవారికి బహుమతులిచ్చి, వానిని నడిబజారున తగులబెట్టించిరి. అందువలన ఫలము కలుగలేదు. నన్నడిగినచో, తగులబెట్టవలసినది తమ హెచ్చు వెలలనని వారికి తోచకపోవుట చిత్రము.

ఆ మహావర్తకులును శాశ్వతులు కారైరి. మోటారుకార్లు వచ్చి రైతులు పట్నమునకు పోసాగిన మీదట, 1925లో సియర్సువారును, 1926లో వార్డువారును తామే అంగళ్లు పెట్టుకొనిరి. సియర్సువారి పెద్ద పట్టిక 1993లో నిలిచినది. 2018లో ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొనినది.

ఇంతదూరపు కథ యేల చెప్పితిననగా, ఆనాటికిని ఈనాటికిని ఒక భేదము కలదు. ఆనాడు మూటలు మోసిన తపాలా ప్రభుత్వముది. సియర్సు అంటించిన బిళ్లనే చిన్న వర్తకుడును అంటింపవచ్చును. నేడట్లు కాదు. మన సంతను తలచుకొనుడు. సంత పాట పాడుకొన్నవాడు ఆశీలు వసూలు చేయును, అది న్యాయమే. వాడే ద్వారమువద్ద తన బంధువుచేత కొట్టు పెట్టించి, అందరి బేరములు తెలిసికొని, జనమును ముందు అచ్చటికే మళ్లించినచో తక్కినవారి గతి యేమి? చిన్న వర్తకుల ఫిర్యాదు సరిగా ఇదియే. ప్రభుత్వమువారు 2018 డిసెంబరులో ప్రకటించి, 2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి అమలుపరచిన నిబంధనలలో, విదేశపు పెట్టుబడితో అంతర్జాలపు సంత నడుపువారు తాము వాటాలు గల సంస్థలచేత ఆ సంతలో అమ్మింపరాదని విధించిరి. 2020 జనవరిలో ఢిల్లీ వర్తకుల ఫిర్యాదుమీద కాంపిటీషన్ కమిషనువారు అమెజాను, ఫ్లిప్‌కార్టు సంస్థలపై విచారణకు ఉత్తరువు చేసిరి. 2021 డిసెంబరు 31న ఓ. ఎన్. డి. సి. అను సంస్థ ఏర్పడినది. ఏ యొక్కరి సంతయు కాక, అందరును ఎక్కదగిన బాటగా దానిని ఉద్దేశించిరి. అనగా, తపాలావంటి బాటను మరల వేయుటకు ప్రయత్నమన్నమాట.

మా యూరి కొట్టుయజమాని ఒకనాడు నాతో, "అయ్యా, నేను టోకు వర్తకునియొద్ద కొను వెలకంటె వారు అమ్ము వెలయే తక్కువ. నేను దేనితో పోటీ పడుదును?" అనెను. ఆయన కుమారుడు బూట్లు తెప్పించుకొనినది ఫోనుమీదనే. ఆ మూట కొట్టుముందే దిగినది. ఆయన నవ్వి ఊరకుండెను.

2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు ఫ్లిప్‌కార్టువారు తాత్కాలికముగా బేరములు పుచ్చుకొనుటయే మానిరి. కూలి లేదు, చేత డబ్బు లేదు. ఆ రోజులలో మా యూరిలో బియ్యము, పప్పు ఇచ్చినది ఆ కొట్టే, ఇచ్చినది అప్పుగానే. ఆనాటి పద్దులు కొన్ని ఆయన పుస్తకములో ఇంకను కొట్టివేయక యున్నవి. వానిలో నాదియు నొకటి యుండెను. మొన్న సంక్రాంతికి తీర్చితిని.