రొద సద్దుమణిగిందా?

సంగీతమంటే శ్రుతి, లయ అని పెరిగిన చెవికి జపాన్ ‘నాయిస్’ మొదట ఒట్టి మోతగానే వినిపిస్తుంది. పల్లవి లేదు, తాళం లేదు. యాంప్లిఫయర్ల హోరు, మైకు కీచు, ఇనుప రేకుల రాపిడి, గొంతు చించుకునే అరుపు, కచేరీ అంటే ఇంతే. ఈ సంగీతం పుట్టి నాలుగున్నర దశాబ్దాలైంది. దాని పని అయిపోయిందన్న మాట తరచూ వినబడుతుంది. నిజమేనా? జవాబు కావాలంటే ఆ రొదను మాత్రమే వింటే చాలదు, అది మోగిన గదుల చరిత్ర కూడా చూడాలి.

1960 ప్రాంతంలోనే టోక్యోలో ‘గ్రూప్ ఓంగాకు’ అనే విద్యార్థి బృందం ఇంటి వస్తువుల చప్పుళ్లతో ప్రయోగాలు చేసింది. అయితే నాయిస్‌కు అసలు పురుడు పోసినవి 1970ల చివరి నాటి చిన్న చిన్న అడ్డాలు. క్యోటోలో ‘డ్రగ్‌స్టోర్’, టోక్యో కిచిజోజి పేటలో ‘మైనర్’ అలాంటివే. రేడియోలో రాని విదేశీ రికార్డులు వినడానికి కుర్రాళ్లు అక్కడ చేరేవారు. విని విని, తామూ వాయించడం మొదలుపెట్టారు. వినేవాడికీ వాయించేవాడికీ మధ్య గట్టు లేకపోవడమే ఈ సంగీతానికి పునాది. ‘మైనర్’ 1980లోనే మూతపడింది. అక్కడ తయారైనవారు మాత్రం ఆగలేదు.

1979లో క్యోటోలో జోజో హిరోషిగె ‘హిజోకైదాన్’ బృందాన్ని మొదలుపెట్టాడు. ఆ మాటకు అర్థం అత్యవసర మెట్లదారి. అదే ఏడాది టోక్యోలో మసామి అకితా ‘మెర్జ్‌బో’ పేరుతో బయల్దేరాడు. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ పారేసిన వస్తువులతో కట్టిన ‘మెర్జ్‌బావు’ నుంచి తీసుకున్న పేరది. 1981లో ‘ఇన్‌కెపాసిటెంట్స్’ స్థాపించిన తోషిజి మికావా బ్యాంకు ఉద్యోగి. పగలు లెక్కలు, రాత్రి రొద. 1985లో ‘హనతరాష్’ గాయకుడు యమత్సుక ఐ టోక్యోలో ఒక కచేరీకి మట్టి తవ్వే యంత్రాన్ని తోలుకొచ్చి హాలును ధ్వంసం చేశాడు. ఆ తర్వాత చాలా వేదికలు ఆ బృందానికి తలుపులు మూసేశాయి.

ఇలాంటి సంగీతం వ్యాపించిన తీరు కూడా విలక్షణమే. అకితా కేసెట్లు తానే రికార్డు చేసి, ఫొటోకాపీ అట్టలు చుట్టి, ఊరూ పేరూ తెలియని విదేశీ శ్రోతలకు పోస్టులో పంపేవాడు. వాళ్లు తమ కేసెట్లు తిరిగి పంపేవారు. 1984లో హిరోషిగె ‘ఆల్కెమీ రికార్డ్స్’ పెట్టాడు. 1990లకు అమెరికాలో ‘జపనాయిస్’ అన్న పేరే స్థిరపడింది. 1996లో మెర్జ్‌బో ఆల్బమ్ ‘పల్స్ డీమన్’ అక్కడి లేబుల్ ద్వారానే వచ్చింది. 2000లో ఒక ఆస్ట్రేలియా సంస్థ 50 సీడీలతో ‘మెర్జ్‌బాక్స్’ విడుదల చేసింది.

చాలామంది అంతటితో కథ ముగిసిందనుకుంటారు. నా దృష్టిలో అత్యంత ఆసక్తికరమైన మలుపు అక్కడే ఉంది. అదే 2000లో టోక్యోలోని యొయోగిలో ‘ఆఫ్ సైట్’ అనే చిన్న వేదిక తెరుచుకుంది. ఇరుగుపొరుగు ఇళ్లు ఆనుకునే ఉండటంతో గట్టిగా వాయించే వీలు లేదు. తోషిమారు నకమురా సౌండ్ మిక్సర్‌లోంచి బయటికి వచ్చే తీగను మళ్లీ దాని లోపలికే కలిపి, పుట్టిన సన్నని కూతనే సంగీతం చేశాడు. సచికో ఎం ఏ శబ్దమూ నింపని సాంప్లర్‌లోని పరీక్షా స్వరాలను వినిపించింది. పక్కవాడి ఊపిరి వినిపించేంత నిశ్శబ్దంలో కచేరీలు సాగాయి. హోరు మాయమైనా, పరికరం చెప్పే మాటను చెవి రిక్కించి వినే గుణం మాయం కాలేదు. 2005లో ‘ఆఫ్ సైట్’ కూడా మూతపడింది.

మరో మలుపు 2011 మార్చిలో ఫుకుషిమా అణుప్రమాదంతో వచ్చింది. ఆ ప్రాంతంలోనే పెరిగిన ఒతోమో యోషిహిదె, ‘గ్రౌండ్ జీరో’ బృందంతో పేరు తెచ్చుకున్న ప్రయోగకారుడు, మిత్రులతో కలిసి ఆగస్టు 15న అక్కడే పెద్ద సంగీతోత్సవం జరిపాడు. నేల మీది రేడియోధార్మికత ఒంటికి అంటకుండా, ఇళ్ల నుంచి వచ్చిన గుడ్డలను కలిపి కుట్టి మైదానమంతా పరిచారు. 2013లో అదే ఒతోమో ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే సీరియల్ ‘అమాచాన్’కు సంగీతం అందించాడు. దేశమంతా పొద్దున్నే టీవీలో విన్నది ఆయన బాణీనే. ఆ ఏడాదే హిజోకైదాన్ ‘బిస్’ అనే అమ్మాయిల పాప్ బృందంతో జతకట్టింది.

నష్టాలు లేవని నేననను. టోక్యోలోని ‘సూపర్ డీలక్స్’ వేదిక 2019లో మూతపడింది. 2020 కరోనా తొలి రోజుల్లో ఒసాకా లైవ్ హౌస్‌లలో కేసులు బయటపడ్డాక, ఇరుకు గదులే బతుకుగా ఉన్న చిన్న వేదికలు నానా పాట్లు పడ్డాయి. రికార్డింగు ఇవాళ ఇంట్లో కూర్చుని ఎవరైనా వినవచ్చు. కానీ పక్కవాడితో కలిసి ఆ మోతలో మునిగి, మర్నాడు తానే ఒక పరికరం పట్టుకునే కుర్రవాణ్ని తయారుచేసేది గది మాత్రమే.

అందుకే నా తీర్పు ఇది. జపాన్ నాయిస్ ఆరిపోలేదు. కేసెట్ పోయినా, మోత తగ్గినా, వేదికలు మూతపడినా అది ప్రతిసారీ కొత్త తావు వెతుక్కుంది. దానికి నిజమైన ముప్పు శ్రోతలు తగ్గడం వల్ల రాదు, చవకగా దొరికే చిన్న గదులు కరువైతే వస్తుంది. అలాంటి గది మీ ఊళ్లో ఉంటే, అక్కడ మోగేది ఏ సంగీతమైనా సరే, ఒకసారి టికెట్ కొనుక్కుని వెళ్లండి.