సంతానోత్పత్తి కాలంలో చేపల వేట: దర్శి ప్రాంత చెరువుల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

తెలుగు నేలలో చెరువు చరిత్రను సేద్యం, దానశాసనాలు, శిస్తు అనే మూడు కోణాల నుంచి పరిశోధకులు విస్తృతంగా పరిశీలించారు. ఆ చెరువులోని చేపకు మాత్రం చరిత్రలో అంచున మాత్రమే చోటు దొరికింది. చేప గుడ్లు పెట్టి పిల్లలను సాకే కాలంలో వేటను ఎవరు అదుపు చేశారు? ఏ కారణంతో చేశారు? పశ్చిమ ప్రకాశంలోని దర్శి ప్రాంతపు చెరువులను, వాటిలో పేరెన్నికగన్న కొర్రమీనును ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. చేప ఎప్పుడు, ఎలా సంతానాన్ని పెంచుతుందో జనానికి తెలుసు. అయితే ఆ తెలివిడి రక్షణకంటే వేటకే ఎక్కువగా ఉపయోగపడింది. వేటపై వచ్చిన నిషేధాలు వేరే కారణాలతో వచ్చి, చెరువు గట్టు దగ్గరే ఆగిపోయాయి.

కొర్రమీను నడవడి – లోకజ్ఞానం

కొర్రమీను గాలి పీల్చగల చేప. వేసవిలో నీరు అడుగంటినా బురదలో ప్రాణం నిలుపుకుంటుంది. వానలకు కొత్తనీరు చేరగానే అంచుల్లోని నాచును, తుంగను తొలగించి గూడు ఏర్పరుస్తుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పొదిగిన పిల్లలు ఎరుపు పసుపు కలిసిన రంగులో, ఒకే గుంపుగా నీటి పైభాగాన కొన్ని వారాలపాటు తిరుగుతాయి. తల్లిదండ్రులు ఆ గుంపు కిందనే కాపలా ఉండి, దగ్గరకు వచ్చిన ప్రతిదానిపైకి దూకుతాయి. దర్శి ప్రాంతానికి నైరుతి వానలతోపాటు ఈశాన్య వానలు కూడా అందడం వల్ల ఈ సన్నివేశం ఏడాదిలో ఒకసారికే పరిమితం కాదు.

వేటగాడికి ఈ ఎర్రని గుంపే గుర్తు. గుంపు మధ్య కప్పను గుచ్చిన గాలం ఆడిస్తే పెద్దచేప ఆకలితో కాక ఆగ్రహంతో దాన్ని పట్టుకుంటుంది. అది ఒడ్డుకు చేరాక కాపలా లేని పిల్లలు ఇతర చేపలకు, పక్షులకు ఆహారమవుతాయి. ఉత్తర అమెరికాలోని బాస్ చేప విషయంలోనూ ఇదే సమస్య ఉంది. అక్కడ మగచేప గూటిని కాస్తుంది. కెనడాలోని అంటారియోలో చాలా జలాల్లో ఆ కాలానికి వేటను నిషేధించారు.

‘చేపపిల్లకు ఈత నేర్పాలా’ అనే సామెత చేపపిల్లకు పెంపకం అక్కరలేదని చెబుతున్నట్లు కనిపిస్తుంది. దానికి భిన్నంగా, పక్షి స్పర్శతో, తాబేలు స్మరణతో, చేప చూపుతో సంతానాన్ని పెంచుతాయనే భావన గురుకృపను వివరించే సందర్భాల్లో, మీనాక్షి నామ వ్యాఖ్యానంలో ప్రసిద్ధం. ఈ భావనకు కొర్రమీనే మూలమని నిరూపించలేం. కాని పిల్లల గుంపును కంటిరెప్పలా కనిపెట్టే ఈ చేప నడవడికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. ఒకే దృశ్యం భక్తునికి వాత్సల్యంగా, వేటగానికి గాలం వేయవలసిన చోటుగా కనిపించింది.

వ్రతదినాలు, రాజవినోదం

వేట నిషేధానికి ప్రాచీన ఆధారం అశోకుని అయిదవ స్తంభశాసనం. పట్టాభిషేకం జరిగిన 26 ఏళ్ళకు వెలువడిన ఈ శాసనం కొన్ని జాతుల చేపలను అవధ్యాలుగా పేర్కొంది. మూడు చాతుర్మాస్య పూర్ణిమలలో, తిష్య పూర్ణిమలో మూడేసి రోజులు, ఉపోసథ దినాలలో చేపలను చంపరాదని, అమ్మరాదని ఆదేశించింది. ఆ రోజుల్లో ‘కేవటభోగ’మనే బెస్తల జలాశయాల్లో ఇతర జీవులను కూడా చంపరాదు. ఆషాఢ పూర్ణిమ వానాకాలపు తొలినాళ్ళలో వచ్చినా, మూడు రోజుల విరామం సంతానోత్పత్తికి చాలదు. పాలిచ్చే మేకలను, గొర్రెలను, పందులను చంపరాదన్న ఇదే శాసనంలో పిల్లలను కాచే చేపల ప్రస్తావన లేదు. అంటే ఇక్కడ నిషేధానికి ఆధారం తిథి, చేప జీవనచక్రం కాదు.

12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో ‘మత్స్యవినోదం’ ఒక ప్రకరణం. అందులో చేపల జాతులు, వాటి ఉనికి, మేత, గాలపు తాళ్ళు వర్ణితమయ్యాయి. చేప స్వభావాన్ని ఇంత శ్రద్ధగా నమోదు చేయడానికి ప్రయోజనం వేటే.

చెరువు శాస్త్రంలో చేప

దర్శికి నైరుతి దిశలో, నేటి కడప జిల్లాలో ఉన్న పోరుమామిళ్ళ శాసనం (1369) చెరువు నిర్మాణానికి పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. రాజు, జలశాస్త్రజ్ఞుడు, నేల, నది, కొండ, కట్ట, కూలిజనం అన్నీ ఆ అంగాల్లో ఉన్నాయి. చేప లేదు. తమిళ శాసనాల్లో కనిపించే ‘పాశిపాట్టం’ చెరువులో చేపలు పట్టే హక్కుపై వచ్చే రాబడి. దానిని పూడికతీతకు కేటాయించిన సందర్భాలున్నాయి. సేద్యదృష్టిలో చేప చెరువును నిలబెట్టే ఆదాయం. చెరువులో సంతానాన్ని వృద్ధి చేసుకొనే జీవిగా దానికి అక్కడ గుర్తింపు లేదు.

వలస పాలన చట్టం, జమీందారీ చెరువు

వలస పాలనలో ఈ చర్చను అధికారిక స్థాయికి తెచ్చినవాడు మద్రాసు సైనిక వైద్యుడు ఫ్రాన్సిస్ డే. 1873లో వెలువడిన మంచినీటి చేపల నివేదికలో అతడు తహశీల్దార్లు పంపిన సమాధానాలను సంకలనం చేశాడు. తల్లిచేపలను, పిల్లచేపలను విచక్షణ లేకుండా పట్టడాన్ని విమర్శించి, వలకన్నుకు కనీస పరిమాణం ఉండాలని వాదించాడు. ఈ చర్చల ఫలితంగా 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడాన్ని అది నిషేధించింది. ఎంపిక చేసిన జలాల్లో రెండేళ్ళకు మించకుండా వేటను పూర్తిగా ఆపే నిబంధనలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది.

అయితే ప్రత్యేకమైన వేటహక్కు ఉన్న నీటిని చట్టం ‘ప్రైవేటు జలం’గా నిర్వచించింది. హక్కుదారుల లిఖితపూర్వక సమ్మతి లేనిదే అలాంటి జలానికి ఈ నిబంధనలు వర్తించవు. కౌలుదారు కూడా ఈ నిర్వచనం కిందికే వస్తాడు. నాడు నెల్లూరు జిల్లాలో చేరిన దర్శి, వేంకటగిరి జమీందారీలో భాగం. అందువల్ల ఎస్టేటు చెరువులో ప్రజనన కాలపు విరామం విధించాలంటే, వేటవల్ల రాబడి పొందేవారే అంగీకరించవలసి వచ్చింది.

ఫసలీ గడువు, కొత్త పెంపకం

1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ హక్కును తొలగించింది. వేలంపాట పద్ధతి మాత్రం పంచాయతీల, సహకార సంఘాల కాలంలోనూ నిలిచింది. జులై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరాన్ని పాటగడువుకు కొలతగా తీసుకున్నచోట, గడువు జూన్ 30తో ముగుస్తుంది. చెరువు అడుగంటేది కూడా ఆ నెలల్లోనే. రాబోయే వానలకు గుడ్లు పెట్టవలసిన చేపను వదిలితే, దాని సంతానం తరువాతి పాటదారుకు దక్కుతుంది. కనుక వదలకపోవడమే పాటదారుకు లాభం. ఇందులో తప్పు వ్యక్తి దురాశ కంటే గడువు నిర్ణయంలోనే ఎక్కువగా ఉంది.

1957 జులై 10న హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి సారంతో కార్ప్ జాతి చేపలచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాడు. శీలావతి, బొచ్చె నిలువనీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. ఈ పద్ధతితో వాటి పిల్లలను కేంద్రాల్లో ఉత్పత్తి చేసి చెరువుల్లో వదలడం సాధ్యమైంది. దిగుబడికి చెరువులో జరిగే ప్రజననంతో పని లేకపోయింది. పైగా పిల్లలను వదలడానికి ముందు, వాటిని తినే కొర్రమీనును చెరువు నుంచి తొలగించాలన్నది పెంపకంలో ప్రామాణిక సూచన అయింది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న జాతి, పెంపకపు చెరువులో శత్రువుగా లెక్కకు వచ్చింది.

ముగింపు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం అమలవుతోంది. చేప సంతానోత్పత్తి కాలాన్ని చట్టం లెక్కలోకి తీసుకోగలదని ఇది చూపుతుంది. ప్రకాశం జిల్లా తీరంలో అమలయ్యే ఈ సూత్రాన్ని దర్శి చెరువులకు అలాగే తరలించలేం. ఇక్కడ కొర్రమీను ప్రజననం వేసవి తేదీలను కాక కొత్తనీటిని అనుసరిస్తుంది. నాగార్జునసాగర్ కాలువ నీరు చేరే చెరువుల్లో ఆ నీటి రాక కూడా పరిగణించవలసిన అంశమే. పాటగడువును వేసవి చివర కాక పిల్లలు విడిపోయిన తరువాత ముగించడం, పిల్లల గుంపుపై గాలం వేయరాదని పాటషరతుల్లో చేర్చడం స్థానికంగా సాధ్యమైన మార్గాలు. వాటికి కావలసిన తెలివిడి కొత్తగా సంపాదించవలసినది కాదు. ఎర్రని గుంపు కింద పెద్దచేప ఉంటుందని వేటగాడికి ఏనాటి నుంచో తెలుసు. ఆ ఎరుకను పాటషరతుగా మార్చడమే మిగిలింది.