తీగకు కరెంటు ఎవరిస్తారు? టెలిఫోన్ బ్యాటరీ నుంచి అపార్ట్‌మెంట్ ఫైబర్ పెట్టె దాకా

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ మాత్రమే కాదు, మన మెట్ల కింద గోడకి తగిలించిన పెట్టెకి కూడా చరిత్ర ఉంటుంది. ఇవాళ ఆ పెట్టె గురించే మాట్లాడుకుందాం.

అత్తిలి చూడండి, తణుకు చూడండి, తాడేపల్లిగూడెం చూడండి. కాలవ గట్ల పక్కనే అపార్ట్‌మెంట్లు లేచాయి. బయట స్తంభం మీంచి సన్నటి నల్ల తీగ ఒకటి బిల్డింగులోకి వస్తుంది. అది ఫైబర్. చాలాచోట్ల అది మెట్ల దగ్గర ఒక చిన్న పెట్టెలో ఆగుతుంది. అక్కణ్ణించి ఒక్కో ఫ్లాటుకీ ఒక్కో ఈథర్నెట్ తీగ, మనం లాన్ కేబుల్ అంటాం కదా, అది వెళ్తుంది. నెట్ అందరికీ వస్తోంది, పెట్టె అందరిదీ. మరి ఆ పెట్టెకి కరెంటు ఎవరిది?

ప్రశ్న చిన్నదే. దీని వెనక మాత్రం దాదాపు నూట యాభై ఏళ్ల కథ ఉంది.

1876లో గ్రాహం బెల్ టెలిఫోన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తొలిరోజుల ఫోన్లకి కరెంటు ఎవరింట్లో వాళ్లే చూసుకోవాలి. ఫోను పక్కనే బ్యాటరీ ఉండేది, అవతలివాళ్లని పిలవాలంటే హ్యాండిల్ తిప్పాలి. 1890ల నుంచి పద్ధతి మారింది. ఎక్స్ఛేంజిలో ఒక పెద్ద బ్యాటరీ పెట్టి, అక్కణ్ణించే అన్ని ఇళ్లకీ రాగితీగల మీద కరెంటు పంపడం మొదలైంది. అది క్రమంగా 48 వోల్టుల దగ్గర స్థిరపడింది. అందులోనూ మైనస్ 48. తడి నేలలో రాగి తొందరగా తినేయకుండా ఉండటానికి అలా పెట్టారు. అంటే రెండు తీగలు మాటనీ మోశాయి, కరెంటునీ మోశాయి.

మన పల్లెల దాకా ఇది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1984లో సి-డాట్ ఏర్పడింది. అది తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదలైంది. ఏసీ గది అక్కర్లేదు, దుమ్మూ వేడీ తట్టుకుంటుంది. ఆ తర్వాత దేశంలో పల్లెపల్లెకీ అలాంటివి వచ్చాయి. ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది ఎందుకంటే, ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు వరసగా కూర్చుని పని చేసేవి కాబట్టి. గాలివాన రాత్రి ఇల్లంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినిపించేది. ఆ టోన్ వెనక ఒక బాధ్యత ఉంది. తీగ ఎవరిదో కరెంటూ వాళ్లదే.

1990ల్లో కేబుల్ టీవీ వచ్చింది. చెట్ల మీంచి, డాబాల మీంచి కోయాక్సియల్ కేబుల్ లాగేవారు. దూరం పెరిగితే బొమ్మ మసకబారుతుంది కాబట్టి మధ్యలో యాంప్లిఫయర్లు కావాలి. వాటికి కరెంటు? చాలా ఊళ్లల్లో వీధిలో ఒక ఇంటివాళ్లని అడిగి, వాళ్ల ప్లగ్గులో పెట్టేవారు. బదులుగా వాళ్లకి కనెక్షన్ ఊరికే. ఆ ఇంట్లో ఫ్యూజు పోయిందంటే వీధి మొత్తానికి సీరియల్ ఆగిపోయేది. ఊరికి తాళం వేసుకుని వెళ్లేముందు వాళ్లు మెయిన్ ఆపేస్తే చుట్టుపక్కలవాళ్లంతా గేటు దగ్గరే నిలబడేవారు. కంపెనీ బాధ్యత పొరుగింటివాడి మంచితనం మీదకి జరిగింది చూశారా, ఇక్కడే మొదలు.

ఇప్పుడు ఫైబర్‌కి వద్దాం. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి చూపించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ అన్నారు. 23,000 కిలోమీటర్లకు పైగా తీగని భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే లాగారు. ఎలా కుదిరింది? ఆ తీగలో లోహం లేదు. ఉన్నది గాజు. పక్కనే పెద్ద వోల్టేజీ లైను పోతున్నా దానికేం కాదు.

అదే దాని గొప్ప, అదే దాని లోటు. కరెంటు స్తంభం మీద వేలాడుతూనే కరెంటు మోయలేదు. గాజులోంచి వెలుగే వెళ్తుంది. స్ప్లిట్టర్ వరకూ పర్వాలేదు, అది వెలుగుని పాయలు చేసే గాజు ముక్క, దానికి కరెంటు అక్కర్లేదు. కానీ వెలుగుని మళ్లీ కంప్యూటర్‌కి అర్థమయ్యే సంకేతంగా మార్చే పెట్టెకి మాత్రం కరెంటు తప్పదు.

ఇక్కడే ఈథర్నెట్ తీగ కథలోకి వస్తుంది. 2000 ప్రాంతంలో ఆఫీసుల్లో నెట్ ద్వారా మాట్లాడే ఫోన్లు వచ్చినప్పుడు, ప్రతి బల్ల దగ్గరా అడాప్టర్ ఎందుకు, డేటా వెళ్లే తీగలోనే కరెంటూ పంపుదామనుకున్నారు. 2003లో దానికి 802.3ఏఎఫ్ అనే ప్రమాణం వచ్చింది. పంపేచోట 15.4 వాట్లు. 2009లో అది 30 వాట్లయింది, 2018లో 90 వాట్ల దాకా వెళ్లింది. పాత టెలిఫోన్ ఆలోచనే ఇది. వోల్టేజీ కూడా అదే 48 చుట్టూ తిరుగుతుంది.

దీన్ని తిరగేస్తే మన మెట్లకింది పెట్టె. స్విచ్చి నుంచి ఇంటికి కాకుండా, ఇంటి నుంచి స్విచ్చికి కరెంటు పంపుతారు. ప్రతి ఫ్లాటులో రౌటర్ పక్కన ఒక చిన్న అడాప్టర్ ఉంటుంది. అది లాన్ కేబుల్ గుండా కరెంటుని వెనక్కి తోస్తుంది. రివర్స్ పీఓఈ అంటారు. పది ఫ్లాట్లలో ఒక్కరింట్లో అడాప్టర్ వెలిగినా పెట్టె బతుకుతుంది. అందరూ ఆపేస్తే? అప్పుడు నెట్ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి పెట్టెకీ పనిలేదు. తెలివైన ఏర్పాటే!

లెక్క కూడా చూద్దాం. పెట్టె పది వాట్లు తాగుతుందనుకోండి. రోజంతా, నెలంతా నడిస్తే 7.2 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలైతే నలభై మూడు రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కానీ అది ఎవరి మీటరులో పడుతోంది? మామూలు పెట్టెల్లో ఎవరి వోల్టేజీ కాస్త ఎక్కువుంటే వాళ్ల దగ్గర్నుంచే లాగుతుంది. అందరికీ సమానంగా పంచదు. కింది ఫ్లాటువాళ్లకి తీగ పొట్టి, వాళ్ల కరెంటే ముందు చేరుతుంది. అంటే భారం తెలీకుండానే వాళ్లమీద పడొచ్చు.

ఇది మన డెల్టావాళ్లకి కొత్త సంగతి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చినప్పట్నుంచీ మనకి తెలిసిందే: తల దగ్గర వదిలిన నీళ్లన్నీ శివారుకి చేరవు. తీగలో కరెంటూ అంతే. 802.3ఏఎఫ్‌లో 15.4 వాట్లు వదిలితే వంద మీటర్ల చివర 12.95 వాట్లకే హామీ. మిగతాది తీగలో వేడిగా పోతుంది. వోల్టేజీ తగ్గిస్తే నష్టం ఇంకా ఎక్కువ. అదే పది వాట్లు 48కి బదులు 12 వోల్టుల్లో పంపితే కరెంటు నాలుగింతలు, నష్టం పదహారింతలు. బజారులో చవగ్గా దొరికే, రాగిపూత వేసిన అల్యూమినియం కేబుల్ అయితే మరీ కష్టం. మూడో అంతస్తువాళ్ల నెట్ ఊరికే ఆగి ఆగి వస్తోందంటే, ఒక్కోసారి లోపం ఫైబర్‌లో కాదు, ఈ తీగలో ఉంటుంది.

ఇంకో తేడా ఉందండి. ప్రమాణం ప్రకారం చేసిన పరికరం అవతల ఉన్నదెవరో తెలుసుకుని, తర్వాతే కరెంటు వదులుతుంది. చవక అడాప్టర్ అడగదు, తోసేస్తుంది. ఆ తీగని పొరపాటున లాప్‌టాప్‌లో గుచ్చితే పోర్టు పోవచ్చు.

అసలు బాధ ఇదంతా కాదు, తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటుతో పాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి. ఇప్పుడు ల్యాండ్‌లైన్లు దాదాపు లేవు. అంబులెన్సుని పిలవాలన్నా, బయటి ఊళ్లో ఉన్న పిల్లలకి క్షేమం చెప్పాలన్నా సెల్లో, వైఫైయో. టవర్ పడిపోయిన రాత్రి ఫైబర్ తెగకుండా ఉంటే, ఒక్క ఫ్లాటులో ఇన్వర్టర్ మీద ఒక్క అడాప్టర్ వెలుగుతుంటే, బిల్డింగ్ పెట్టె బతికే ఉంటుంది. పక్క ఫ్లాటువాళ్లు రౌటర్‌ని చిన్న బ్యాటరీ మీద పెట్టుకున్నా వాళ్లకీ లైను అందుతుంది. కేబుల్ టీవీ రోజుల్లో ఒక్క ఇల్లు ఆగితే వీధి ఆగేది. ఇక్కడ ఒక్క ఇల్లు నిలబడితే బిల్డింగ్ నిలబడుతుంది.

కాబట్టి నేననేది ఒక్కటే. టెలిఫోన్ కాలంలో కరెంటు బాధ్యత ఎక్స్ఛేంజిది. ఫైబర్ వచ్చాక అది చప్పుడు చెయ్యకుండా మన ఇళ్లల్లోకి వచ్చి కూర్చుంది. దాన్ని కాదనలేం. కానీ ఎవరి మీటరు, ఎవరి ఇన్వర్టరు అన్నది అపార్ట్‌మెంట్ మీటింగులో ఒకసారి మాట్లాడుకుని పుస్తకంలో రాసుకోండి. నీళ్ల వంతులు రాసుకున్న ఊళ్లే మనవి, ఇది మనకి పెద్ద పనా?