ధాత కరువు – గుండ్లకమ్మ తీరమున రక్షణానందము

చెన్నపట్టణపు తెలుగు బడిలో పాఠములు చెప్పుచున్న ఈ వ్యాసకర్తను, కొన్ని సంవత్సరముల క్రిందట, ఒక విద్యార్థి ఇట్లడిగెను: “అయ్యా, ఈ బకింగుహాం కాలువను ఎవరు త్రవ్విరి?” ఆ బాలుడెరిగిన కాలువ దుర్గంధముతో నిండిన మురికి ప్రవాహము మాత్రమే, దానిపై నేడు రైలుమార్గపు స్తంభములు నిలిచియున్నవి. “ఆకలిగొన్నవారు త్రవ్విరి, నాయనా” అని నేను చెప్పిన సమాధానమే ఈ వ్యాసమునకు మూలము.

ఈ కాలువ ఉత్తరమున పెదగంజాము మొదలుకొని దక్షిణమున మరక్కాణము వరకు తీరము వెంబడి సాగుచు, తెలుగునాటిని తమిళనాటిని ఒక్క త్రాటితో కట్టియున్నది. ఇందు కొంత భాగము మునుపే ఉన్నను, చెన్నపట్టణమున కూవము, అడయారు నదులను కలుపు భాగము 1877–78 లో కరువు పనిగా త్రవ్వబడినది. ఒంగోలు ప్రాంతపు భాగమునకును అదే చరిత్ర. దానిని మన పెద్దలు ధాత కరువనిరి. 1876లో ఆరంభమైన ధాత నామ సంవత్సరము దానికాపేరు తెచ్చినది. వర్షములు లేవు, ధాన్యపు ధర కూలివాని కందరాని ఎత్తునకు పోయినది. 1877 ఆరంభమున రిచర్డు టెంపుల్ దొర కరువు కూలిని తగ్గించి, పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. చెన్నపురి రాజధానిలో లక్షలమంది మరణించిరి.

ఇట్టి కాలమున ఆనందమను మాట ఎక్కడిది? ఒంగోలు క్రైస్తవ చరిత్ర ఈ ప్రశ్నకు ఒక సమాధానము నిచ్చుచున్నది. ఆ సమాధానము నిజమైనదా, ఆకలి పలికించిన మాటయా అని పరీక్షించుటయే మన పని.

అమెరికను బాప్తిస్టు వారి తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే దొరతో ఆరంభమై, 1840లో నెల్లూరున స్థిరపడినది. ఏండ్లు గడిచినను ఫలితము అత్యల్పము. దీనిని విడిచిపెట్టుదమా అని అమెరికాలోని పెద్దలు పలుమార్లు తర్కించిరి. 1853లో అట్టి చర్చ జరిగినపుడే దీనికి “ఒంటరి నక్షత్రము” అను పేరు స్థిరపడెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండపై ప్రార్థించిరి. పిమ్మట పండ్రెండేండ్లకు, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీన అక్కడి సంఘము ఎనిమిదిమందితో ఏర్పడినది.

అయితే ఈ ఉద్యమమునకు పునాది దొరల వలన మాత్రమే పడినదనుట పొరపాటు. తాళ్ళకొండపాడు వాస్తవ్యుడగు ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులజుడు. తోళ్ళ వ్యాపారమున ఊరూర తిరిగినవాడు. యోగసాధన చేసిన గురువులను సేవించి, పరమార్థమును వెదకినవాడు. 1866లో ఆయన క్రైస్తవుడైన పిమ్మట తన బంధువర్గపు పల్లెలలో వార్తను చాటెను. వినినవారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసమును తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి స్వల్పములు. కాని ఊరి జాతరలో డప్పు వాయింపనన్న వానికి, ఆదివారము కోతకు రానన్న వానికి కలిగిన కష్టములు స్వల్పములు కావు. కరువునకు ముందే ఈ ఆనందమునకు వెల కట్టవలసి వచ్చినదన్నమాట.

కరువు రాగానే క్లౌ దొర బకింగుహాం కాలువలో కొన్ని మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొనెను. ఆయన బోధకులే పనిమేస్త్రులైరి. వేలకొలది జనము పలుగు పార పట్టిరి. విశ్రాంతి వేళలందు బోధకుల మాటలు వినిరి. ఎందరో బాప్తిస్మము నడిగిరి. క్లౌ దొర మాత్రము ఇచ్చుటకు అంగీకరింపలేదు. కూటికొరకు మతము మారినారను నింద వచ్చునని ఎరిగి, 1877 మార్చి మొదలు పదిహేను నెలలు బాప్తిస్మములను నిలిపివేసెను. ఈ ఒక్క విషయమును చరిత్రకారులు విస్మరింపరాదు.

1878 జూను మాసమున, ఒంగోలులో మశూచికము ప్రబలినందున, ఆయన తన బోధకులను ఒంగోలునకు పది మైళ్ళ దూరమున గుండ్లకమ్మ ఒడ్డున గల వెల్లంపల్లికి రమ్మనెను. వారి వెంట జనసమూహములు తరలివచ్చెను. ఇక పంచిపెట్టుటకు తన వద్ద ధనము లేదని ఆయన చెప్పినను వారు కదలలేదు. కాయలు కాచిన చేతులను చూపి, తాము కోరునది సహాయము కాదు, బాప్తిస్మమేయని పట్టుపట్టినట్లు ఆయన జ్ఞాపకములు తెలుపుచున్నవి.

జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో మొత్తము 3536 మంది గుండ్లకమ్మలో మునిగి లేచిరి. బోధకులు ముందుగా పరీక్షించిన వారి పేర్లు మాత్రమే చదువబడెను. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీట నిలిచి ఈ కార్యమును నెరవేర్చిరి. జూలై 3వ తేదీన క్లౌ దొర తాను స్వయముగా ఒక్కరికిని బాప్తిస్మము నీయలేదు. తెలుగువాని చేతిమీదుగా తెలుగువాడు దీక్ష పొందినాడనుట మనము గమనింపదగిన విశేషము.

అన్నసహాయమునకు వీరి నిర్ణయముతో సంబంధమే లేదని చెప్పుట సత్యదూరము. ఆపదలో దగ్గర నిలిచినవాని మాటకు హృదయము తెరచుకొనుట మానవ స్వభావము. కాని గంజి ముగిసిన పిమ్మట వచ్చినవాడు గంజికొరకు వచ్చినాడనుటయు న్యాయము కాదు. ఊరి వెలుపల పుట్టి, ఊరి వెలుపలనే గిట్టవలసిన వానిని దేవుడు పేరు పెట్టి పిలిచినాడను వార్తయే వారి రక్షణానందము. నదియొడ్డున ఒక్కొక్కరి పేరును బిగ్గరగా చదివిన ఆ దినమున, ఆ వార్త వారి చెవులకు వినబడినది.

ఆ ఆనందము ఒంగోలులోనే ఆగలేదు. 1878లోనే జూయెట్ దొర చెన్నపట్టణమునకు వచ్చి, ఇక్కడి తెలుగువారి నడుమ పని ఆరంభించెను. తెలుగు బాప్తిస్టులు తామే 1897లో ఒక స్వదేశ మిషను సంఘమును స్థాపించుకొనిరి. 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు, చెరకు తోటలలోను తేయాకు తోటలలోను పనిచేయు తెలుగువారి కడకు పంపిరి. అన్నము కొరకు చేయి చాచినారని నిందింపబడిన సమాజము, పాతికేండ్లలో సముద్రము దాటి ఇచ్చు చేయిగా మారినది. గుండ్లకమ్మ ఒడ్డున లేచిన సందేహమునకు ఇంతకంటె మంచి సమాధానము నాకు కానరాదు.

ప్రవాసాంధ్రులమగు మనము మన పూర్వుల వలసలను రాజుల దండయాత్రలతోను, వర్తకుల బిడారులతోను లెక్కించుచుందుము. పలుగు పార పట్టిన చేతులకును ఆ చరిత్రలో చోటున్నది. ఏ మతము వారమైనను, ఈ కాలువను దాటునపుడు ఒక్క నిమిషము నిలిచి, ఆకలిలోనుండి పాట పుట్టించుకొన్న ఆ నిరుపేద తెలుగువారిని స్మరించుట మన విధి. నన్ను ప్రశ్నించిన ఆ బాలునికి ఆనాడు నేను చెప్పలేకపోయిన మిగిలిన సమాధానము ఇదియే.