ఓడని జట్టుకి కప్పెందుకు దక్కలేదు?

1970 నాటి అమెరికా కాలేజీ లాక్రోస్ లెక్కలు తిరగేస్తే ఓ విచిత్రం కంటబడుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ ఆ ఏడు పదకొండు మ్యాచ్‌లు ఆడి పదకొండూ నెగ్గింది. ఛాంపియన్ల జాబితాలో మాత్రం దాని పేరు లేదు. జాన్స్ హాప్కిన్స్, నేవీ (నౌకాదళ అకాడమీ జట్టు), వర్జీనియా మూడూ కలిసి కిరీటం పంచుకున్నాయి. ఈ మూడూ ఏటా ఒకదానితో ఒకటి తలపడేవే కాబట్టి, మూడింటికీ ఓటమన్నది తగలకపోయే వీల్లేదు. మరి ఓడినవాళ్లకి కిరీటమేంటి, అన్నీ గెలిచినవాళ్లకి మొండిచెయ్యేంటి?

మొదటి ఆనవాలు తేలిగ్గానే దొరుకుతుంది. అప్పట్లో ఫైనల్ అన్నదే లేదు. సీజన్ ముగిశాక కాలేజీల లాక్రోస్ సంఘం పెద్దలే విజేతను తేల్చేవారు. 1936 నుంచి వాళ్లిచ్చే వింగేట్ ట్రోఫీకి ఆ పేరు ఓ బాల్టిమోర్ క్రీడా విలేకరిది.

ఇది కార్నెల్‌ ఒక్కదాని గొడవ కాదు. 1957లో సిరక్యూస్ పదికి పదీ గెలిచింది. తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్‌లో దిగ్గజమైన జిమ్ బ్రౌన్ ఆ జట్టువాడే. ఆ సీజన్లో 43 గోల్స్ కొట్టాడు. అయినా ట్రోఫీ హాప్కిన్స్‌కే పోయింది.

ఇక మ్యాపు తీయండి. హాప్కిన్స్ బాల్టిమోర్‌లో, నేవీ అక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలోని అనాపొలిస్‌లో. 1960 నుంచి 1967 దాకా వరసగా ఎనిమిదేళ్లు టైటిల్ నేవీదే, రెండుసార్లు వేరే జట్లతో పంచుకున్నా. పేరున్న జట్లు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉండి తమలో తాము ఆడుకునేవి. ఎక్కడో ఉత్తరాన మంచు ప్రాంతంలోని జట్టు ఎన్ని గెలిచినా, “సరే, ఎవరి మీద?” అన్న ప్రశ్న ఎదురయ్యేది. దీన్ని కుట్ర అనను. గెలుపుల లెక్క కన్నా ప్రత్యర్థుల సత్తాకే అక్కడ తూకం ఎక్కువ. విడ్డూరమల్లా ఏంటంటే, వల కట్టిన కర్రతో బంతిని అందుకుని విసిరే ఈ ఆటను శతాబ్దాలుగా ఆడుతున్న హోడెనోషోనీ తెగల గడ్డ ఆ ఉత్తరాదే.

1971లో అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ రంగంలోకి దిగి ఎనిమిది జట్లతో నాకౌట్ పెట్టింది. జూన్ 5న లాంగ్ ఐలాండ్‌లోని హాఫ్‌స్ట్రా మైదానంలో ఫైనల్. కార్నెల్ 12, మేరీల్యాండ్ 6. మేరీల్యాండ్ జట్టంతా కలిసి కొట్టినన్ని గోల్స్ కార్నెల్ ఆటగాడు అల్ రిమ్మర్ ఒక్కడే కొట్టాడు. అన్నట్టు, కప్పు గెలిచిన ఆ ఏడు కార్నెల్ ఒక మ్యాచ్ ఓడింది.