సైనికోపగ్రహములు - హాసను నియంత్రణ కేంద్రము

హోసూరునకు పడమట, బెంగుళూరున కావల నున్న హాసను పట్టణమున ఇస్రోవారి ఉపగ్రహ ప్రధాన నియంత్రణ కేంద్రము 1982లో నెలకొన్నది. అందలి పెద్ద పళ్లెము వంటి ఆంటెన్నా ఉపగ్రహపు బలహీన సంకేతమును గ్రహించును. వర్ధకము దానిని పెంచును. గణకయంత్రము ఉపగ్రహపు దిశను, ఉష్ణోగ్రతను, విద్యుచ్ఛక్తిని తెలుపును. తదనుగుణముగా ప్రేషకయంత్రము ఆజ్ఞలను పైకి పంపును.

ఈ కాపుదల ఎంత సున్నితమో తొలియేటనే తెలియవచ్చినది. ఏప్రిలు 10న ఎగసిన ఇన్సాట్-1ఎ భూమి వైపు చూపు తప్పి, ఇంధనము హరించుకొనిపోగా, సెప్టెంబరు 6న విడిచిపెట్టబడినది.

కాలక్రమమున సైనికోపగ్రహములకును ఈ కేంద్రమే పగ్గము పట్టినది. 2013లో నౌకాదళపు జీశాట్-7, 2018 డిసెంబరు 19న తెలుగునాటి శ్రీహరికోట నుండి ఎగసిన వాయుసేన జీశాట్-7ఎ అట్టివి. దేశరక్షణ చరిత్రలో శ్రీహరికోటతోపాటు హాసనును పేర్కొనుట న్యాయము.