మోటుపల్లి శాసనములు – సుంకపు భాష

రేవులో సుంకము గొనువాడును, సుంకమిచ్చువాడును తరచుగ ఒకే భాష మాటాడువారు కారు. సరకు పేరు, తూకము, వెల, రాజు నియమము – ఇవి ఉభయులకును తెలిసినగాని వర్తకము సాగదు. మన తీరమున ఈ చిక్కును పూర్వులెట్లు తీర్చుకొనిరి? ఈ ప్రశ్నకు మోటుపల్లి శాసనములు కొంత సమాధానము నిచ్చుచున్నవని మా యభిప్రాయము.

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలమున ప్రసిద్ధమైన రేవు. అచ్చట గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన అభయశాసనము సంస్కృతాంధ్రములలో నున్నది. గాలివాన పాలై ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతముగ గైకొనుచుండిరనియు, తాను నిర్ణీత సుంకము తప్ప మరేమియు గొననని యు నతడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు సుంకము. శ్రీగంధము, చీనా కర్పూరము, పన్నీరు, దంతము, పగడము, మిరియములు మున్నగు సరకులు అందు పేర్కొనబడినవి. ఈ రేవునకు గల దేశి ఉయ్యకొండపట్టణమను నామాంతరము తమిళచ్ఛాయ కలది. దక్షిణదేశపు వర్తకుల సంబంధమును సూచించుచున్నది.

ఈ సూచనను రెడ్డిరాజుల శాసనము బలపరచుచున్నది. 1358లో అనపోతరెడ్డి అదే రేవున వేయించిన ధర్మశాసనము సంస్కృతము, తెలుగు, తమిళము – ఈ మూడు భాషలలో నున్నది. వచ్చి నిలుచు వర్తకులను ఆదరింతుమనియు, వారు వెడలిపోదలచినచో అడ్డగింపమనియు, అపుత్రకుల ధనమును గైకొనమనియు అందలి హామీలు. తనకు తెలియని భాషలో చెప్పిన అభయము వర్తకునికి అభయము కానేరదు. కావుననే పాలకుడు వర్తకుని భాషలోనికి తానే దిగివచ్చెను.

అయితే శాసనము తమిళమున నుండుటచే సుంకరులెల్లరు తమిళము నేర్చిరని చెప్పుట సాహసము. శాసనభాష పాలకుని సంకల్పమునకు సాక్ష్యము. ఉద్యోగి పాండిత్యమునకు కాదు. కాని ఆ మాటలను కూర్చిన వాడొకడు, అన్వయించి చెప్పగలవాడొకడు రాజ్యము పక్షమున నుండక తప్పదని మాత్రము మేము నిశ్చయముగ చెప్పగలము.

తరువాతి కాలమున మచిలీపట్టణమున ఈ భారము చేతులు మారినది. గోలకొండ ప్రభుత్వమున రేవు అధికారి షాబందరు, రాజాజ్ఞ ఫర్మానా. రెండును పారసీక పదములే. 1611లో అచ్చట వర్తకము ప్రారంభించిన ఆంగ్లేయులకు పారసీకము గాని తెలుగు గాని స్వాధీనము కాదు. వారికిని దేశీయులకును నడుమ దుబాసి నిలిచెను. ద్విభాషి శబ్దభవమైన ఈ పదమే అతని వృత్తిని చెప్పుచున్నది. అతడు రాజోద్యోగి కాడు. వర్తకుని జీతగాడు, పెక్కుమార్లు తానును వర్తకుడే. అతని మాటను సరిచూచుటకు ఇరుపక్షములకును సాధనము లేకపోయెను. భాషాజ్ఞానము ఒక్కని సొత్తైనపుడు లాభము నాతని చెంతనే నిలుచుట సహజము.

మోటుపల్లిలో నియమము రాతిపై మూడు భాషల నిలిచినది. మచిలీపట్టణమున నది ఒకని నాలుకపై నిలిచినది. మొదటిదానిని చదువరి యెవడైనను పరీక్షింపగలడు, రెండవదానిని పరీక్షింపజాలడు. శాసనములలోని సుంకపదములను భాషలవారీగ సేకరించి పోల్చినచో ఈ భేదము మరింత స్పష్టమగును. మన పరిశోధక విద్యార్థులీ పనికి పూనుకొందురుగాక.